చిల్లు లేని ఆకు

మహేశ్వరి పళ్లెం పక్కకు జరిపింది.

విసిరికొట్టి ఉంటే రాజమణి తిరిగి ఒక మాట అనేది. కోడలు రెండు వేళ్లతో, చప్పుడు కాకుండా, అది తన పళ్లెం కానట్టు జరిపింది. రాజమణి ఆమె పక్కనే కూర్చుంది.

"ఒక్క ముద్ద తిను బిడ్డా. నిన్న ఆస్పత్రికెళ్లి వచ్చినప్పటి సంది మంచినీళ్లు తప్ప ఏం ముట్టలె."

"తింట. మామ నాకు ఒక్క మాట చెప్పినంక తింట."

ఎల్లప్ప గడపలో నిలబడి తలకు తువ్వాల చుట్టుకుంటున్నాడు. జల్‌పల్లి అవతల ఆయన కౌలుకు చేసుకునే ఆకుకూరల తోట ఉంది. చుట్టూ ప్లాట్లు పడి, గోడలు లేచి, ఆ తోట ఏడాదికేడాది ఇరుకవుతూ వచ్చింది. తెల్లవారకముందే కోసిన కట్టలు తెచ్చి ఇంట్లో దించి, నీళ్లు పెట్టడానికి మళ్లీ బయలుదేరుతున్నాడు. ఆ కట్టలనే రాజమణి గంపకెత్తుకొని మొఘల్‌పురా గల్లీల్లో అమ్ముతుంది.

"ఏంది బిడ్డా?" అన్నాడు.

"మడికి నువ్వు ఏం మందు కొడుతవు?"

అద్దం ముందు గడ్డం గీసుకుంటున్న ప్రేమ్‌రాజ్ చేయి ఆగింది. సగం ముఖం నురగతోనే భార్యవైపు తిరిగాడు.

"పొద్దుగాల్నే ఆ లొల్లి ఎందుకు?"

"లొల్లి కాదు. అడుగుతున్న." మహేశ్వరి గొంతు పెంచలేదు. ఆర్టీసీ బస్సులో వెనక తలుపు దాకా వినిపించే కండక్టరు గొంతు ఆమెది. ఇంట్లో ఏనాడూ దాన్ని బయటికి తీయలేదు. "నిన్న డాక్టరమ్మ, ఏం తింటవమ్మా అని అడిగింది. రోజూ ఆకుకూర తింట అని చెప్పిన. సంబరంగ చెప్పిన. మా మామనే పండిస్తడు, మా అత్తమ్మ ఏరి వండుతది అన్న. ఆమె చేతుల పెన్ను ఆగింది. మీ మామ ఏం మందు కొడుతడమ్మా అనడిగింది. నాకు జవాబు రాలె."

నిన్న మధ్యాహ్నం రక్తపరీక్ష చూసి, ఈసారి కూడా కడుపు నిలవలేదని డాక్టరమ్మ చెప్పింది. మొదటిసారి మూడో నెలలో పోయింది. తర్వాత రెండుసార్లు నిలవనే లేదు. ఆస్పత్రిలో ఐవీఎఫ్ పద్ధతిలో చేసి, చల్లటి డబ్బాలో దాచిన పిండాల్లో ఇంక ఒక్కటే మిగిలింది. ఆ ఒక్కటి అనే మాట నిన్నటి నుంచి ఆ ఇంట్లో ఎవరి నోటా రాలేదు. అందరి మెడ మీదా కూర్చొని ఉంది.

"డాక్టరమ్మ అదే అని చెప్పలె కద," అన్నాడు ప్రేమ్‌రాజ్.

"అది కాదని గూడ చెప్పలె. మందు ఎక్కువ తాగిన కూరలు, పండ్లు తినేటోళ్లకు కడుపు నిలుచుడు తక్కువని కొన్ని పరీక్షల్ల కనవడ్డదంట. అదొక్కటే అని చెప్పలేం అన్నది. కొన్ని నెలలు ఆగి, తిండి మార్చి, అప్పుడు ఆ ఒక్కటి పెడుదం అన్నది. నువ్వు పక్కన్నే ఉన్నవు. విన్నవు."

చివరకు మహేశ్వరి నోటనే ఆ ఒక్కటి అనే మాట బయటికి వచ్చేసింది.

ఎల్లప్ప తువ్వాల విప్పి భుజాన వేసుకున్నాడు. "పురుగుకు కొట్టేదేదో కొడుత బిడ్డా. అందరు కొట్టేదే."

"ఎప్పుడు కొడుతవు?"

"మాపటికి కొడుత. పొద్దుగాల కోస్త."

"నడుమ ఒక్క రాత్రేనా?"

"ఆగితె పురుగు ఆగుతదా? తూట్లు పడ్డ కట్ట ఎవరు కొంటరు? కొట్టి కోస్తెనే ఆకు నిగనిగ ఉంటది."

"కొట్టినంక కొన్ని దినాలు ఆగి కొయ్యుమని మందు డబ్బా మీద రాసి ఉంటది," అన్నాడు ప్రేమ్‌రాజ్. అని, ఎందుకన్నానా అన్నట్టు అద్దంవైపు తిరిగాడు. అతను ఉస్మాన్‌గంజ్‌లో విత్తనాలు, మందులు అమ్మే దుకాణంలో పనిచేస్తాడు.

"రాసి ఉన్నదని నీకెర్కనా?" అంది మహేశ్వరి.

"ఎర్కనే."

"బాపుకు తెచ్చి ఇచ్చేది నువ్వే కద. చెప్పినవా?"

ప్రేమ్‌రాజ్ గడ్డం మీద నురగ ఆరిపోతోంది. "దుకాణంల రోజు ఎంతమందికి అమ్ముత. ఎంతమందికని చదివి చెప్పాలె?"

"అందరికి అక్కర లేదు. మీ బాపుకు చెప్తె సరిపోతుండె."

"అంటె ఏంది? నా పిల్లను నేనే చంపుకున్ననా?"

మహేశ్వరి కళ్లు దించుకుంది. "మా అమ్మ ఫోన్ చేసింది," అంది చివరకు. "కొన్ని దినాలు వచ్చెయ్యమంటున్నది. అక్కడ ఉండి తింటె ఏమన్న మంచిగైతదేమో అంటున్నది."

రాజమణికి అప్పుడు కోపం వచ్చింది. అంతసేపూ భయంగా ఉన్నది కోపంగా మారేసరికి ఆమెకు ఊపిరాడింది.

"జర ఆగుండ్రి. ముగ్గురు ముగ్గురే మాట్లాడుతున్నరు. ఈ ఇంట్ల వండే ఆకు ఎక్కడిదో నన్ను అడిగిండ్రా ఎవరన్న? ఏమయ్యా, నోట్ల ఏం పెట్టుకున్నవు? ఇంటి మడి గురించి చెప్పవా?"

ఎల్లప్పకు అప్పుడు గుర్తొచ్చింది. "అవును గద," అన్నాడు.

"ఇంటి మడి ఏంది?" అంది మహేశ్వరి.

"బోరు పక్కన వేరే మడి ఉన్నది బిడ్డా. మనం తిననీకి పెట్టుకున్నది. దానికి చుక్క మందు కొట్టడు మీ మామ. నేను కొట్టనియ్య. నా పెండ్లైనప్పటి సంది గదే పద్ధతి. అమ్మేది వేరు, మన వంట గంజుల ఉడికేది వేరు. ఈ ఇంట్ల పుట్టినోడు గీ ప్రేమ్‌రాజ్‌గాడు, వాడు తిని పెరిగింది గూడ గదే."

"నిజమేనా మామా?"

"నిజమే బిడ్డా. నా కడుపుల పోయేది గూడ గదే. మందు నేను ఎందుకు తింట?"

ఆ చివరి మాటలో ఏముందో ఎవరూ ఆగి చూడలేదు. ఇల్లంతా ఒక్కసారి తేలికైంది. ప్రేమ్‌రాజ్ ముఖం కడుక్కున్నాడు. మహేశ్వరి పళ్లెం ముందుకు లాక్కొని, పాలకూర పప్పు కలుపుకొని ముద్ద నోట్లో పెట్టుకుంది. నములుతూనే ఏడ్చింది. ఏడుస్తూనే తింది.

రాజమణి పొయ్యి పక్కనున్న చిన్న గంజు తెచ్చి, అడుగున మిగిలింది కూడా గరిటెతో గీకి కోడలి పళ్లెంలో వేసింది. ఆ చిన్న గంజు కోడలిది. పెద్ద గంజులోది మిగతా ముగ్గురిది. ఏడేళ్ల నుంచి ఆ ఇంట్లో అట్లాగే జరుగుతోంది.

"అయితె ఆగుడెందుకు?" అంది మహేశ్వరి చెయ్యి కడుక్కొని వచ్చి. ముఖానికి కొంచెం కళ వచ్చింది. "డాక్టరమ్మ ఆగమన్నది తిండి కోసమే కద. మన తిండిల మందే లేదాయె. నాకు ముప్పై ఆరు దాటినయి. ఇంక ఆగే ఓపిక లేదు. ఫోన్ చెయ్యి. మామ ఇంటికి వేరే మడి పెట్టుకున్నడు, మందు లేని ఆకే తింటున్నం అని చెప్పు."

ప్రేమ్‌రాజ్ ఫోన్ చేశాడు. అటువైపు నర్సు డాక్టరమ్మను అడిగి చెప్పింది. ఇంట్లో తినేది మందు కొట్టనిదే అయితే, మీరు అంతగా కోరుకుంటే సోమవారం రండి, మందులు మొదలుపెడతాం, ఆ మిగిలిన ఒక్కటీ ఈ నెలలోనే పెడతాం.

రాజమణి గంప ఎత్తుకొని గడప దాటింది. వెనక నుంచి కోడలు, "పైలంగ పోయిరా అత్తమ్మా," అంది. నిన్నటి నుంచి కోడలు పిలిచిన మొదటి పిలుపు అది.

*

"క్యా రాజమణి, మొఖం వెలుగుతున్నది. రాత్రి ఫోన్ల బాధపడితివి, బహూ తిన్నదా?"

గల్లీ మలుపులో, తలుపుకు వేసిన పరదా పక్కన, ముక్కాలిపీట మీద సుగ్రా కూర్చొని ఉంది. రాజమణి కొత్తగా గంప ఎత్తుకున్న రోజుల నుంచి మొదటి బేరం ఆమెదే. ఆమె చెయ్యి పడితే గంప ఖాళీ అవుతుందని రాజమణి నమ్మకం.

"తిన్నది ఆపా. కోడలు కడుపునిండ తిన్నది. సోమవారం మళ్ల ఆస్పత్రికి పోతున్నరు."

"అల్లా మంచి చెయ్యాలె." సుగ్రా గంపలో చెయ్యి పెట్టి పై కట్టలన్నీ పక్కకు తోసింది.

"మల్ల అడుగున తవ్వుతున్నవు. పైన చూడు, అద్దాల్లెక్క ఉన్నయి."

"అద్దంల మొఖం చూస్కుంటె చాలు. తిననీకి నాకు పురుగు కొట్టిందే ఇయ్యి. పురుగు ముందుగాల తిని చూసింది. సావలె. నేను గూడ సావ."

ఇద్దరూ నవ్వారు. సుగ్రా ప్రతిసారీ ఆ మాటే అంటుంది. ప్రతిసారీ ఇద్దరికీ నవ్వొస్తుంది.

"గా తూట్ల కట్టలు నీ కోసమే అడుగున పెడుత. వేరేటోళ్లు చూస్తె నా బేరం పాడైతది."

"నీ బహూకు గూడ గిదే పెడుతున్నవు కద? కడుపు నిలువాల్సిన పిల్ల."

"నా కోడలికా?" రాజమణికి పౌరుషం వచ్చింది. "నా కోడలికి తూట్లు పడ్డ ఆకు నేనెన్నడు పెట్టలె ఆపా. మేం తింటం ఇంటి మడిది, పురుగు కొట్టింది. ఆమెకు మాత్రం గంపల ఉన్నదాంట్ల ఏరి ఏరి, మచ్చ లేకుంట..."

సుగ్రా చేతిలో కట్ట పట్టుకొని చూస్తోంది. రాజమణి గంపలోకి చూసింది. పైన పేర్చిన పాలకూర నీళ్లు చల్లినందుకు మెరుస్తోంది. ఒక్క ఆకు మీద ఒక్క చిల్లు లేదు. నిన్న సాయంత్రం మందు కొట్టిన మడిది. ఇందాక చిన్న గంజు గీకి కోడలి పళ్లెంలో వేసింది ఇందులోదే.

ఆమె గోడకు చెయ్యి ఆనించుకొని అట్లాగే కింద కూర్చుంది.

"ఏమైంది రాజమణి? కండ్లు తిరుగుతున్నయా? పానీ లావూ? నీళ్లు తాగుతవా?"

రాజమణి వద్దన్నట్టు తల ఊపింది. ఆమెకు ఏడేళ్ల కిందటి పళ్లెం కనబడుతోంది. కోడలు కాపురానికి వచ్చిన తర్వాత వియ్యపురాలు విజయలక్ష్మి మొదటిసారి ఆ ఇంట్లో భోజనానికి కూర్చుంది. తోటకూర పులుసులో ఉడికిన పచ్చ పురుగు ఆమె పళ్లెంలోనే తేలింది. ఆమె దాన్ని అంచుకు తోసి, నవ్వుతూనే, "మా ఇంట్ల ఆకు ఏరి వండుతం వదినా," అంది. అంతే. ఆమె మరిచిపోయింది కూడా. ఆకు అమ్ముకొని బతికే మనిషి రాజమణి మరిచిపోలేదు. ఆకు ఏరడం రాదని ఆమెను అన్నవాళ్లు అంతకుముందు ఎవరూ లేరు. మర్నాడే చిన్న గంజు పొయ్యి మీదికి వచ్చింది. వాళ్ల పిల్ల ఇక ఏనాడూ పురుగు చూడకూడదు. ఇంటి మడి ఆకుకు చిల్లులుంటాయి. గంపలోదానికి ఉండవు. ఆలోచించడానికి ఏముందని? పెద్ద గంజు ఇంటి మడిది, చిన్న గంజు గంపది.

మొదటి కడుపు పోయినప్పుడు, ఆకుకూర తింటే రక్తం పడుతుందని చిన్న గంజును నింపింది. రెండోసారి నిలవకపోతే ఇంకా నింపింది.

"ఆపా," అంది. "ఆమెకు పెట్టిందంత మందు కొట్టిందే. మందు ఆకు తింటె కడుపు నిలువదేమో అని డాక్టరమ్మ అన్నదంట."

సుగ్రాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె కట్టను తిరిగి గంపలో పెట్టలేదు, ఒళ్లో పెట్టుకోలేదు. చేతిలోనే ఉంచుకుంది.

"నీకెర్క లేకుంట అయింది."

"పొద్దుగాల ఇంటి మడి అని నేనే చెప్పిన. నా మాట మీదనే తిన్నది. నా మాట మీదనే సోమవారం పోతున్నరు. ఒక్కటే మిగిలింది ఆపా. అది గూడ పోతె ఇంక లేదు."

"అయితె చెప్పెయ్యి."

"చెప్తె ఆమె ఉండది. వాళ్ల అమ్మ పిలుస్తనే ఉన్నది. వాళ్ల అమ్మకు ఏమని మొఖం చూపెట్టాలె? నీ బిడ్డకు పురుగు పెట్టనని పంతం పట్టి మందు పెట్టిన అనా?"

"చెప్పకుంటె?"

రాజమణి తల పక్కకు తిప్పుకుంది. "డాక్టరమ్మ అదే అని చెప్పలె కద ఆపా," అంది. పొద్దున కొడుకు అన్న మాటే. కొడుకు అన్నప్పుడు ఎంత బలహీనంగా వినిపించిందో ఆమెకు గుర్తుంది.

"చెప్పలె," అంది సుగ్రా. "కాని నువ్వు కింద కూలవడ్డవు."

గల్లీలోకి ఒక స్కూటీ వచ్చింది. దానికి దారి ఇవ్వడానికి రాజమణి గంపను దగ్గరికి లాక్కుంది. లాక్కున్న చేతికి తడి తగిలితే చీర కొంగుకు తుడుచుకుంది. మళ్లీ తుడుచుకుంది.

"గంజు మారుస్త," అంది లేస్తూ. "ఎవరికి చెప్పకుంట ఇయ్యాల్టి సంది గంజు మారుస్త. ఇంటి మడిదే పెడుత."

"సోమవారం ఎట్ల ఆపుతవు?"

"ఏమో. ముందుగాల గంజు మారనీ."

సుగ్రా లోపలికి పోయి గ్లాసుతో నీళ్లు తెచ్చింది. రాజమణి నీళ్లు తాగి గంప దగ్గరికి వంగింది. సుగ్రాయే ఒక పక్క పట్టి నెత్తికెత్తింది. అంత నిండిన గంపతో రాజమణి ఇంటికి మళ్లడం ఆ గల్లీ ఎప్పుడూ చూడలేదు.

*

మధ్యాహ్నానికి ఎల్లప్ప తువ్వాలలో మూట కట్టుకొని ఆకు తెచ్చాడు. రాజమణి ఫోన్ చేసి తెమ్మంది.

"మొన్ననే తెస్తి కద. గింత తొందరేంది?"

"తెమ్మంటె తెచ్చినవు. అయిపాయె."

"ఇయ్యాల గంప గూడ గట్లనే ఉన్నది. ఆరోగ్యం బాగలేదా?"

"బాగనే ఉన్నది. కాళ్లు కడుక్కో పో."

ఆయన నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లాడు. మహేశ్వరి లోపలి గదిలో పడుకొని ఉంది. చాలా రోజుల తర్వాత పగటిపూట నిద్రపోయింది. ప్రేమ్‌రాజ్ దుకాణానికి సెలవు పెట్టి, నర్సు చెప్పిన విటమిన్ గోలీలు తేవడానికి మెడికల్ షాపుకు పోయాడు.

రాజమణి చాట ముందేసుకుంది. ఎడమపక్క ఇంటి మడి ఆకు, కుడిపక్క గంపలో ఆకు. రోజూ కూర్చున్నట్టే కూర్చుంది. చేతులు మాత్రం రోజూ పోయిన దారిన పోలేదు. చిల్లుల ఆకు తెంపి, ఉప్పునీళ్లలో కడిగి, పురుగు ఉందేమోనని ఒక్కొక్కటీ వెనక్కి తిప్పి చూసి, చిన్న గంజులో వేసింది. ఏడేళ్ల కిందట చేయవలసిన పని అదే. ఒక్క పూట ఎక్కువ కూర్చొని ఏరితే సరిపోయేది.

గంపలో ఆకును పెద్ద గంజులో వేసింది. పారేయవచ్చు. పారేయబుద్ధి కాలేదు. ఏడేళ్లు ఆ పిల్ల తిన్నది తాను ఒక్కపూటైనా తినాలనిపించింది.

అట్లా రెండు గంజులూ మార్చి, పెద్ద గంజు పొయ్యి మీద పెట్టి, చిన్నదానిలో ఆకు తుంచుతుండగా వెనక ప్రేమ్‌రాజ్ వచ్చి నిలబడ్డాడు. చేతిలో గోలీల కవరు ఉంది.

"ఏం కూర అమ్మా?" అని వంగి చూశాడు. చూసి, ఇంకొంచెం వంగాడు. "ఇది మహేశ్వరి గంజు కద?"

"ఆ."

"గిదేంది గీ ఆకు? జల్లెడ లెక్కున్నది." పెద్ద గంజు మూత తీసి చూశాడు. మూత మళ్లీ పెట్టలేదు. "మంచిది దీంట్ల వేసినవు. అంటె మనకు మంచిది, ఆమెకు పురుగు కొట్టిందా?"

"మెల్లగ మాట్లాడు. పండుకున్నది."

"నిన్నటి దాక ఏరి ఏరి పెట్టినవు. మన గల్లీల మొత్తం చెప్పుకున్నవు, నా కోడలికి మచ్చ లేని ఆకు పెడుత అని. నిన్న నిలువలేదని తెల్సింది. ఇయ్యాల్టి సంది ఇదా? పిల్లలు కాకుంటె ఇగ ఆమెకు పురుగుల కూరనా అమ్మా?"

రాజమణి తలెత్తి కొడుకు ముఖం చూసింది. వాడు పూర్తిగా పొరపడ్డాడు. ఆ పొరపాటు ఆమెకు, తనకే ఆశ్చర్యం కలిగేలా, నీడలా తోచింది. దాని కింద నిలబడవచ్చు. పిల్లలు కాని కోడలిని చిన్నచూపు చూసిన అత్త అనే నింద పెద్దదే. కాని అటువంటి అత్తలు ప్రతి గల్లీలో ఉన్నారు. కొడుకు నాలుగు రోజులు మాట్లాడడు. తర్వాత మాట్లాడతాడు. గంజు మాత్రం మారి ఉంటుంది.

"తప్పయింది రా," అంది.

"తప్పయిందంటె అయిపోతదా? ఏమనుకొని చేసినవో చెప్పు."

"ఏం లొల్లి రా?" ఎల్లప్ప తడి కాళ్లతో వచ్చాడు. కొడుకు చూపించిన వైపు చూశాడు. చిన్న గంజు చూశాడు, భార్య వంచిన తల చూశాడు. ఆయనకు భార్య మీద జాలి కలిగింది. ఆయన ఎప్పుడోగాని ఆమె తరఫున మాట్లాడేవాడు కాదు. ఇప్పుడు మాట్లాడాడు.

"మీ అమ్మను ఉత్తగ అనకు. అది ఇంటి మడి ఆకు. నేనే కోసుకొచ్చిన. మందు కొట్టంది గట్లనే ఉంటది. గా మడిల తూట్లు లేని ఆకు ఒక్కటి చూపెట్టు, నా మీసం తీసేస్త. ఏడాది పొడుగున వెతికినా దొరకది."

అని నవ్వాడు. పొద్దున ఇంటి మడి మాట వచ్చినప్పుడు ఇల్లు తేలికపడింది కదా, మళ్లీ అట్లాగే అవుతుందని ఆయన అనుకున్నాడు.

ఎవరూ నవ్వలేదు.

లోపలి గది గుమ్మంలో మహేశ్వరి నిలబడి ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. ఒక చెంప మీద చాప అచ్చు పడింది. ఆమె నడిచి వచ్చి చాట ముందు గొంతుక్కూర్చుంది. ఎడమ కుప్పలో నుంచి ఒక ఆకు, కుడి కుప్పలో మిగిలినదాంట్లో నుంచి ఒక ఆకు తీసి, రెండు అరచేతుల్లో పెట్టుకొని చూసింది.

"తూట్లు పడ్డది ఇంటి మడిది," అంది.

"ఆ బిడ్డా," అన్నాడు ఎల్లప్ప.

"తూట్లు లేంది?"

"గది గంపది. అమ్మేది."

ప్రేమ్‌రాజ్ తల్లివైపు చూశాడు, తర్వాత భార్య చేతుల్లోకి చూశాడు. అతని ముఖంలో కోపం ఇంకా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో మాత్రం తెలియడం లేదు.

"నా గంజుల తూట్లు పడ్డ ఆకు నేనెన్నడు చూడలె మామా," అంది మహేశ్వరి.

ఎల్లప్ప నవ్వు ముఖం మీదనే మిగిలిపోయింది. ఆయన నెమ్మదిగా భార్యవైపు తిరిగాడు.

"అత్తమ్మా. పొద్దుగాల నేను తిన్నది ఏ మడిది?"

రాజమణికి చెప్పడానికి చాలా మాటలు ఉన్నాయి. ఆ పచ్చ పురుగు ఉంది, విజయలక్ష్మి నవ్వు ఉంది, రక్తం పడుతుందని నింపిన గంజు ఉంది. వాటిలో ఏదీ నోటికి రాలేదు.

"నీకు మంచిదే పెట్టిన బిడ్డా," అంది. "ఎన్నడైన మంచిదే పెట్టిన."

పొయ్యి మీద పెద్ద గంజు పొంగి, పచ్చటి నీళ్లు మంట మీద పడి చుయ్‌మన్నాయి. మంట ఆరి గ్యాసు వాసన వస్తే ప్రేమ్‌రాజ్ చెయ్యి చాపి ఆపాడు.

మహేశ్వరి కుడిచేతిలోని నున్నటి ఆకును చాటలో పెట్టింది. ఎడమచేతిలోని చిల్లుల ఆకును, పచ్చిదాన్నే, నోట్లో పెట్టుకుంది. మెల్లగా నమిలింది. మింగింది.

"ఈ రుచి నాకు తెల్వదు," అంది.

రాజమణి చెయ్యి దానంతటది కోడలి మోకాలి దాకా వెళ్లి, తాకకుండా ఆగింది.

మహేశ్వరి లేచి నిలబడి భర్తవైపు చెయ్యి చాపింది.

"ఫోన్ ఇటియ్యి."

ప్రేమ్‌రాజ్ జేబులో నుంచి ఫోన్ తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని పట్టుకొని వాకిట్లోకి నడిచి, వాళ్లకు వీపు చేసి నిలబడింది. సోమవారం రావడం లేదని ఆస్పత్రికి చెప్పడానికో, వస్తున్నానని తల్లికి చెప్పడానికో తెలియదు. ఎవరికి చేస్తున్నావని అడిగే ధైర్యం ఆ వంటింట్లో ముగ్గురిలో ఒక్కరికీ లేకపోయింది.